పాత కార్లకు విద్యుత్ పంపు: ఎండకు ఉపశమనం, మంటకు ఆస్కారం

దేశంలో కార్బ్యురేటర్ కార్ల తయారీకి తెరపడి రెండు దశాబ్దాలు దాటింది. ముంబయి కుర్లాలో తయారైన ప్రీమియర్ పద్మిని, పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తరపారాలో తయారైన అంబాసిడర్, గుర్గావ్ నుంచి వచ్చిన తొలితరం మారుతి 800 కార్లు సంఖ్యలో బాగా తగ్గినప్పటికీ రోడ్లపై నుంచి పూర్తిగా కనుమరుగు కాలేదు. తండ్రి నడిపిన కారని మమకారంతో దాచుకున్నవారు కొందరు. మరో కారు కొనే స్తోమత లేక నడుపుకుంటున్నవారు మరికొందరు. వీరందరినీ వేసవి రాగానే వేధించే సమస్య ఒకటున్నది. అరచేతిలో ఇమిడే ఇంధన పంపు మొరాయించి, కారు నడిరోడ్డుపై నిలిచిపోవడమే ఆ సమస్య.

పెట్రోలులో ఇథనాల్ శాతం పెరిగిన తర్వాత ఈ పంపుపై భారం మరింత ఎక్కువైనది. ఇందుకు విరుగుడుగా పలు ఊళ్లలో మెకానిక్కులు సూచిస్తున్న మార్గం ఒక్కటే. ఇంజనుకు అమర్చిన యాంత్రిక పంపును తొలగించి, వెనుక పెట్రోలు ట్యాంకు వద్ద బ్యాటరీతో నడిచే విద్యుత్ పంపును బిగించడం. పని చిన్నదే, ఒక పూటలో ముగుస్తుంది. అయితే పాత పంపు తనంతట తానే నిర్వర్తిస్తూ వచ్చిన ఒక భద్రతా బాధ్యత ఈ మార్పిడిలో గల్లంతయ్యే ప్రమాదం ఉన్నది. ఇంజను ఆగిన మరుక్షణం పెట్రోలు సరఫరాను ఆపివేయడమే ఆ బాధ్యత. దానిని కొత్త పంపుకు వేరుగా అప్పగించవలసి ఉంటుంది. అప్పగించకుంటే ఎండ బాధ తీరినా అంతకంటే పెద్ద ముప్పును కారులో ఎక్కించుకున్నట్లే.

పాత పంపు పనితీరు

పద్మిని, మారుతి 800 వంటి కార్లలో పెట్రోలు ట్యాంకు వెనుక భాగంలోను, కార్బ్యురేటర్ ముందు బానెట్ కింద ఇంజనుపైన ఉంటాయి. ఈ రెండింటి మధ్య పెట్రోలును చేరవేసేది ఇంజనుకు బిగించిన పంపు. ఇంజనులోని క్యామ్‌షాఫ్ట్ తిరిగినప్పుడల్లా పంపులోని ఒక మీట పైకీ కిందికీ కదులుతుంది. ఆ మీట డయాఫ్రం అనే పలుచని పొరను లాగగానే వెనుకనున్న ట్యాంకు నుంచి పెట్రోలు పీల్చబడుతుంది. స్ప్రింగు ఆ పొరను తిరిగి నెట్టినప్పుడు పెట్రోలు కార్బ్యురేటర్‌లోని ఫ్లోట్ చాంబర్‌కు చేరుతుంది. చాంబర్ నిండగానే అందులోని నీడిల్ వాల్వ్ మూసుకుంటుంది.

ఈ ఏర్పాటుకు తీగలు అవసరం లేదు, బ్యాటరీ అవసరం లేదు. ఇంజను తిరిగితేనే పంపు కదులుతుంది. ఇంజను ఆగితే పంపూ ఆగుతుంది. ప్రమాదంలో కారు బోల్తాపడి ఇంజను ఆగిపోయినా, పెట్రోలు గొట్టం తెగినా, తెగిన చోటికి పెట్రోలును తోడిపోసే శక్తి ఏదీ మిగలదు. తయారీదారులు ప్రత్యేకంగా అమర్చకపోయినా ఈ భద్రత ఆ నిర్మాణంలోనే ఇమిడి ఉన్నది.

లోపం కూడా అదే నిర్మాణంలో ఉన్నది. పంపు వేడెక్కిన ఇంజనును అంటిపెట్టుకుని ఉంటుంది. ట్యాంకు నుంచి పంపు దాకా ఉన్న గొట్టంలో పెట్రోలు నెట్టబడదు, పీల్చబడుతుంది. పీల్చే గొట్టంలో పీడనం బయటి గాలి పీడనం కంటే తక్కువ. పీడనం తగ్గితే ఏ ద్రవమైనా తక్కువ వేడికే మరుగుతుంది. పెట్రోలులోని తేలికపాటి భాగాలు సాధారణ పీడనంలోనే దాదాపు 35 నుంచి 40 డిగ్రీల సెల్సియస్ వద్ద ఆవిరి కావడం మొదలవుతాయి. కోస్తా జిల్లాల్లో, తెలంగాణలో వేసవి పగటి ఉష్ణోగ్రత 45 డిగ్రీలను తాకే రోజుల్లో బానెట్ కింది వేడి ఎంతుంటుందో ఊహించవచ్చు. గొట్టంలో ఆవిరి బుడగ ఏర్పడగానే పంపు పీల్చేది ద్రవాన్ని కాక ఆవిరిని. కార్బ్యురేటర్ ఎండిపోతుంది, కారు ఆగిపోతుంది. మెకానిక్కులు వేపర్ లాక్ అనీ, ఎయిర్ లాక్ అనీ వ్యవహరించేది దీనినే.

ఘాట్ రోడ్లలో ఈ బాధ రెట్టింపవుతుంది. నెమ్మదిగా, కింది గేరులో ఎక్కుతున్న కారులో ఇంజను వేడి పెరుగుతుంది, దానిని చల్లబరచే గాలి తగ్గుతుంది. ఎత్తుకు పోయినకొద్దీ గాలి పీడనం కూడా పడిపోతుంది. పంపుపై తడిగుడ్డ చుట్టి, నీళ్లు చల్లి, పావుగంట ఆగి మళ్లీ బయలుదేరడం ఒకప్పటి డ్రైవర్లందరికీ అలవాటైన వైద్యమే.

ఇథనాల్ తెచ్చిన మార్పు

దేశంలో పెట్రోలులో 5 శాతం ఇథనాల్ కలిపే కార్యక్రమం 2003 జనవరిలో తొమ్మిది రాష్ట్రాల్లోను, నాలుగు కేంద్రపాలిత ప్రాంతాల్లోను మొదలైనది. 10 శాతం లక్ష్యం 2022 జూన్‌లో నెరవేరింది. 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలును 2023 ఫిబ్రవరిలో బెంగళూరులో లాంఛనంగా ప్రవేశపెట్టారు. తొలుత 2030కి నిర్దేశించుకున్న ఆ లక్ష్యాన్ని 2025లోనే చేరుకున్నట్లు కేంద్ర ప్రభుత్వం ప్రకటించింది. ముడిచమురు దిగుమతుల భారం తగ్గించడం, చెరకు, ధాన్యం రైతులకు గిరాకీ కల్పించడం ఈ విధానం వెనుకనున్న ఆశయాలు. వాటి ప్రయోజనం మాట అటుంచితే, 1980, 90 దశకాల్లో రూపొందిన కార్లను ఈ ఇంధనాన్ని దృష్టిలో ఉంచుకుని తయారు చేయలేదన్నది వాస్తవం.

నీతి ఆయోగ్ నియమించిన నిపుణుల సంఘం 2021లో వెలువరించిన నివేదిక ఈ సంగతిని దాచలేదు. ఇథనాల్ లేని పెట్రోలుకు రూపొంది, 10 శాతం మిశ్రమానికి సర్దుబాటైన నాలుగు చక్రాల వాహనాల్లో 20 శాతం మిశ్రమం వాడితే మైలేజీ 6 నుంచి 7 శాతం తగ్గవచ్చునని ఆ సంఘం అంచనా వేసింది. కొన్ని పాత వాహనాల్లో 20 వేల నుంచి 30 వేల కిలోమీటర్ల వాడకం తర్వాత కొన్ని రబ్బరు భాగాలు, గాస్కెట్లు మార్చవలసి రావచ్చునని, అందుకయ్యే ఖర్చు స్వల్పమేనని 2025 ఆగస్టులో పెట్రోలియం మంత్రిత్వ శాఖ వివరణ ఇచ్చింది. ఇథనాల్ లేని పెట్రోలును కూడా అందుబాటులో ఉంచాలని కోరుతూ దాఖలైన పిటిషన్‌ను 2025 సెప్టెంబరులో సుప్రీంకోర్టు తోసిపుచ్చింది. అంటే పాత కారు యజమాని ఇప్పుడున్న పెట్రోలుకు అనుగుణంగా తన కారునే మార్చుకోక తప్పదు.

ఆ రబ్బరు భాగాల జాబితాలో ముందు వరుసలో ఉండేది పంపులోని డయాఫ్రం. పాతకాలపు రబ్బరు ఇథనాల్‌లో నానితే ఉబ్బి, మెత్తబడి, క్రమంగా చిట్లుతుంది. చిట్లిన పొర నుంచి కారే పెట్రోలు కొన్ని రకాల పంపుల్లో నేరుగా ఇంజను అడుగునున్న ఆయిలులోకి దిగుతుంది. ఆయిలు పలుచబడితే బేరింగులు అరిగిపోతాయి. డిప్‌స్టిక్ తీసి వాసన చూసినప్పుడు పెట్రోలు వాసన తగిలినా, ఆయిలు మట్టం తగ్గడానికి బదులు పెరిగినా ముందుగా అనుమానించవలసింది ఈ పంపునే. దీనికి తోడు, తక్కువ శాతంలో కలిసిన ఇథనాల్ పెట్రోలుకు ఆవిరయ్యే గుణాన్ని పెంచుతుంది. రిఫైనరీలో మూల పెట్రోలు కూర్పును అందుకు తగినట్లు సర్దితే తప్ప వేపర్ లాక్ బెడద ఎక్కువవుతుంది.

విద్యుత్ పంపు చేసే మేలు

విద్యుత్ పంపును ట్యాంకుకు దగ్గరగా, ట్యాంకు అడుగు మట్టానికి సమానంగా గాని, దానికంటే దిగువగా గాని బిగిస్తారు. అక్కడ ఇంజను వేడి సోకదు. అక్కడి నుంచి కార్బ్యురేటర్ దాకా పెట్రోలు పీల్చబడక నెట్టబడుతుంది. గొట్టం పొడవునా పీడనం ఉండటం వల్ల పెట్రోలు మరిగే ఉష్ణోగ్రత పెరుగుతుంది, ఆవిరి బుడగలు తేలికగా ఏర్పడవు. వారాల తరబడి కదలని కారుకు మరో లాభం కూడా ఉన్నది. ఎండిపోయిన ఫ్లోట్ చాంబర్‌ను నింపడానికి యాంత్రిక పంపుకు సెల్ఫ్ చాలాసేపు తిప్పవలసి వస్తుంది. విద్యుత్ పంపు కొద్ది క్షణాల్లోనే ఆ పని పూర్తి చేస్తుంది.

ఈ ఏర్పాటు కొత్తదేమీ కాదు. శ్రీలంకలో నేటికీ అభిమానంగా నడుపుకుంటున్న మోరిస్ మైనర్ కార్లకు కర్మాగారంలోనే ఎస్.యు. కంపెనీ విద్యుత్ పంపు బిగించి ఇచ్చేవారు. తాళంచెవి తిప్పగానే అది టిక్కుటిక్కుమని కొట్టుకుని, చాంబర్ నిండాక మౌనం వహించేది. అందులోని పాయింట్లు మసిబారితే స్పానరుతో చిన్నగా తట్టి పని చేయించుకోవడం ఆనాటి డ్రైవర్లకు మామూలే. మన దేశంలో మారుతి 800కు 2000 సంవత్సరం ప్రాంతంలో ఇంజెక్షన్ విధానం రావడంతో ట్యాంకులోనే విద్యుత్ పంపు చేరింది. అదే 796 సి.సి. శ్రేణి ఇంజనుతో పాకిస్తాన్‌లో 1989 నుంచి 2019 వరకు తయారైన సుజుకి మెహ్రాన్‌కు ఈ మార్పు 2012లో వచ్చింది. అంతకు ముందు తయారైన కార్లన్నీ ఉపఖండమంతటా ఒకే రకపు వేసవి బాధను అనుభవించినవే.

పంపు ఎంపికలో పొరపాట్లు

విద్యుత్ పంపులన్నీ ఒకటి కావు. టైర్లలో గాలి నింపేటప్పుడు వాడే పౌండ్ల లెక్కలోనే చెప్పుకుంటే, కార్బ్యురేటర్‌కు కావలసిన పీడనం సుమారు 3 నుంచి 4 పౌండ్లు మాత్రమే. ఎస్.యు. రకం కార్బ్యురేటర్లకు అంతకంటే తక్కువ చాలు. ఇంజెక్షన్ కార్ల పంపు ఇచ్చే పీడనం 35 నుంచి 45 పౌండ్ల దాకా ఉంటుంది. అంటే పది రెట్లకు పైమాటే. పాత సామానుల బజారులో చవకగా దొరికిందని ఇంజెక్షన్ కారు పంపును కార్బ్యురేటర్ కారుకు తగిలిస్తే నీడిల్ వాల్వ్ ఆ ఒత్తిడిని ఆపలేదు. ఫ్లోట్ చాంబర్ పొంగి, పెట్రోలు వేడి ఇంజనుపై కారుతుంది. తరువాత జరిగేది చెప్పనక్కరలేదు. కార్బ్యురేటర్ కార్లకే ఉద్దేశించిన తక్కువ పీడనపు పంపును ఎంచుకోవడం, అవసరమైతే పీడనాన్ని నియంత్రించే రెగ్యులేటర్‌ను జోడించడం తప్పనిసరి.

పాత బ్రిటిష్ కార్లలో మరో చిక్కు ఉన్నది. వాటిలో కొన్నింటికి బ్యాటరీ పాజిటివ్ కొసను బాడీకి కలిపేవారు. నేడు దొరికే ఎలక్ట్రానిక్ పంపుల్లో అధిక భాగం నెగటివ్ ఎర్త్‌కు ఉద్దేశించినవి. తారుమారుగా కలిపితే పంపు ఆ క్షణంలోనే పాడవుతుంది.

బిగింపులోను పాటించవలసిన నియమాలున్నాయి. పంపుకు ముందు ఫిల్టరు ఉండాలి. సైలెన్సరు గొట్టానికి దూరంగా, రబ్బరు దిమ్మెలపై బిగించాలి. పెట్రోలు గొట్టం కారు లోపలి నుంచి పోరాదు. ఇథనాల్‌కు తట్టుకునే రకం హోసు పైపులు వేసి, స్క్రూ క్లిప్పులతో బిగించాలి. పాత పంపు తీసిన చోట ఇంజనుకు ఏర్పడే రంధ్రాన్ని గాస్కెట్‌తో సహా లోహపు పలకతో మూయాలి. లేకుంటే ఆయిలు కారిపోతుంది. కొన్ని కార్లలో మిగులు పెట్రోలు ట్యాంకుకు తిరిగి చేరేందుకు పంపు నుంచి వేరుగా ఒక గొట్టం ఉంటుంది. దానిని నిర్లక్ష్యంగా వదిలివేయకుండా తగిన రీతిలో కలపడమో, మూయడమో చేయాలి.

ఆగని పంపుతో అసలు ప్రమాదం

ఇంతవరకు చెప్పిన జాగ్రత్తలు అనుభవజ్ఞుడైన మెకానిక్‌కు తెలిసినవే. తరచు విస్మరణకు గురయ్యేది విద్యుత్ సరఫరా విషయం. పంపు తీగను ఇగ్నిషన్ స్విచ్‌కు నేరుగా కలిపివేయడం అన్నింటికంటే సులువైన పద్ధతి. అప్పుడు తాళంచెవి తిప్పి ఉన్నంతసేపూ, ఇంజను తిరుగుతున్నా లేకున్నా, పంపుకు విద్యుత్తు అందుతూనే ఉంటుంది.

దీని పర్యవసానాన్ని ఒక చిన్న లెక్కతో గ్రహించవచ్చు. లీటరుకు 15 కిలోమీటర్లు ఇచ్చే కారు గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పోతే దానికి గంటకు కావలసిన పెట్రోలు 4 లీటర్లు. తక్కువ పీడనపు విద్యుత్ పంపు సైతం గంటకు 60 లీటర్లకు పైగా తోడగలదు. మామూలు సమయంలో నీడిల్ వాల్వ్ మూసుకుని ఆ ప్రవాహాన్ని అదుపులో ఉంచుతుంది. ప్రమాదంలో గొట్టం తెగితే ఆ అదుపు ఉండదు. నిమిషానికి ఒక లీటరు చొప్పున పెట్రోలు వేడి సైలెన్సరు మీద, తెగిన తీగల మీద పడుతుంది. డ్రైవరు స్పృహ తప్పి తాళంచెవి తిప్పలేని స్థితిలో ఉంటే పది నిమిషాల్లో పది లీటర్లు రోడ్డు పాలవుతాయి. పాత పంపు ఉన్న కారులో ఈ దృశ్యానికి తావే లేదు.

దీనికి నివారణ మార్గాలు మూడున్నాయి. మొదటిది, ఇగ్నిషన్ కాయిల్ నుంచి వచ్చే స్పందనలను గమనించే రిలే. ఇంజను తిరుగుతున్నంతసేపు స్పందనలు వస్తాయి, పంపు నడుస్తుంది. అవి ఆగిన కొద్ది క్షణాల్లో రిలే పంపును ఆపివేస్తుంది. రెండవది, ఆయిలు పీడనంతో పనిచేసే స్విచ్. ఇంజనులో ఆయిలు పీడనం ఉన్నప్పుడే ఇది పంపుకు విద్యుత్తును అందిస్తుంది. స్టార్టు చేసే క్షణాలకు మాత్రం సెల్ఫ్ నుంచి వేరుగా ఒక తీగ ఇస్తారు. డాష్‌బోర్డుపై ఎర్రదీపం వెలిగించే మామూలు స్విచ్ ఈ పనికి పనికిరాదు. అది పీడనం లేనప్పుడు కలుస్తుంది. పంపుకు కావలసింది పీడనం ఉన్నప్పుడు కలిసేది.

మూడవది ఇనర్షియా స్విచ్. ఇందులో అయస్కాంతం పట్టి ఉంచిన ఒక ఉక్కు గుండు ఉంటుంది. గట్టి దెబ్బ తగిలినప్పుడు గుండు తన స్థానం నుంచి ఎగిరి విద్యుత్ వలయాన్ని తెంచుతుంది. మీదనున్న బొత్తాం నొక్కితే తిరిగి యథాస్థితికి వస్తుంది. మొదటి రెండింటిలో ఏదో ఒకదానితోపాటు ఈ మూడవదీ ఉంటే పాత పంపు ఇచ్చిన రక్షణ తిరిగి లభించినట్లే. వీటితోపాటు పంపు తీగకు తగిన సామర్థ్యపు ఫ్యూజ్ తప్పక ఉండాలి. మొత్తం ఖర్చులో ఈ పరికరాల వాటా స్వల్పమే అయినా, యజమాని అడగనిదే వాటిని బిగించే ఆనవాయితీ మన షెడ్లలో ఇంకా ఏర్పడలేదు.

పరీక్షించకుండా మార్పిడి తగదు

విద్యుత్ పంపు సర్వరోగ నివారిణి కాదు. వేపర్ లాక్‌గా కనిపించే ప్రతి ఆగిపోవడమూ పంపు లోపం కానక్కరలేదు. వేడెక్కి మొరాయించే ఇగ్నిషన్ కాయిల్, పగుళ్లిచ్చి గాలి పీల్చే హోసు పైపు, పూడిన ఫిల్టరు, గాలి రంధ్రం మూసుకుపోయిన ట్యాంకు మూత కూడా అవే లక్షణాలు చూపుతాయి. ముందుగా వీటిని పరీక్షించి, అవసరమైతే యాంత్రిక పంపునే కొత్త డయాఫ్రంతో బాగుచేయించుకోవడం చాలామందికి చాలవచ్చు.

ఇథనాల్ సమస్యలో కూడా పంపు ఒక భాగం మాత్రమే. ఇథనాల్ నీటిని పీల్చుకుంటుంది. నెలల తరబడి కదలని కారు ట్యాంకులో ఆ నీరు అడుగుకు చేరి ఇనుమును తుప్పు పట్టిస్తుంది. ఏళ్లుగా పేరుకున్న మడ్డిని ఇథనాల్ కరిగించి ఫిల్టరుకు చేరుస్తుంది. ఇథనాల్‌లో ప్రాణవాయువు ఉండటం వల్ల, పాత జెట్లతో నడిచే కార్బ్యురేటర్‌లో పెట్రోలు పాలు తగ్గి గాలి పాలు ఎక్కువవుతుంది. ఇంజెక్షన్ కారులోని కంప్యూటరు ఈ తేడాను చాలావరకు సర్దుకోగలదు. కార్బ్యురేటర్‌కు మనిషే జెట్లు మార్చి సర్దాలి.

చట్టం ఏమంటున్నది

మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, నమోదు పత్రంలోని వివరాలు తయారీదారు నిర్దేశించిన వాటికి భిన్నమయ్యేలా వాహనాన్ని మార్చరాదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఈ నిబంధనను గట్టిగా ధ్రువీకరించింది. ఇంజను సంఖ్య, చాసిస్ సంఖ్య, ఇంధన రకం, సీట్ల సంఖ్య వంటివి నమోదు పత్రంలో ఉంటాయి. ఇంధన పంపు వివరం అందులో చోటు చేసుకోదు. అయినప్పటికీ బీమా కంపెనీకి ముందుగా తెలియజేసి, బిల్లులు భద్రపరచుకోవడం వివేకం. అగ్ని ప్రమాదం తర్వాత తలెత్తే మొదటి ప్రశ్న ఈ మార్పు గురించే కావచ్చు.

50 ఏళ్లు దాటిన కార్లను వింటేజ్ వాహనాలుగా నమోదు చేసుకునే వీలు 2021 జూలైలో సవరించిన నిబంధనల ద్వారా కలిగింది. 20 వేల రూపాయల రుసుముతో 'వి.ఎ.' శ్రేణి సంఖ్య కేటాయిస్తారు. చాసిస్, బాడీ, ఇంజనులలో గణనీయమైన మార్పులు జరిగి ఉండరాదన్నది ఇందులోని షరతు. అటువంటి కార్ల యజమానులు తొలగించిన యాంత్రిక పంపును పారవేయకుండా భద్రపరచుకోవడం మంచిది. పలక విప్పి ఎప్పుడైనా తిరిగి బిగించుకోవచ్చు.

ముంబయిలో టాక్సీగా చివరి పద్మిని 2003 అక్టోబరు 29న నమోదైంది. 20 ఏళ్ల గడువు తీరడంతో 2023 అక్టోబరులో ఆ టాక్సీల శకం ముగిసింది. సొంత వాడకంలో ఉన్న పాత కార్లు మాత్రం ఇంకా నడుస్తున్నాయి, పెట్రోలు బంకుకు వస్తున్నాయి. ఢిల్లీ కాశ్మీరీ గేట్, కోల్‌కతా మల్లిక్ బజార్, చెన్నై పుదుపేట, విజయవాడ ఆటోనగర్ వంటి చోట్ల వాటిని బతికిస్తున్న నైపుణ్యం పుస్తకాల్లో నేర్చినది కాదు, తరతరాలుగా చేతి నుంచి చేతికి వచ్చినది. కొత్త ఇంధనానికి అనుగుణంగా పాత కార్లలో చేయదగిన మార్పులేవో, చేయరానివేవో వివరించే సరళమైన మార్గదర్శకాలను ప్రాంతీయ భాషల్లో ముద్రించి ఇటువంటి షెడ్లకు చేర్చడం ప్రభుత్వానికీ, చమురు సంస్థలకూ పెద్ద పని కాదు. అంతవరకు యజమాని చేయగల సులువైన పరీక్ష ఒకటున్నది. పంపు మార్పించుకున్న కారును షెడ్డు నుంచి బయటికి తెచ్చే ముందు, ఇంజను స్టార్టు చేయకుండా తాళంచెవి తిప్పి ఉంచి పంపు చప్పుడు వినాలి. కొద్ది క్షణాల్లో అది ఆగినా, చాంబర్ నిండటం వల్ల ఆగిందా, రిలే ఆపిందా అన్నది మెకానిక్‌తో తేల్చుకోవాలి. ఆపే పరికరం ఏదీ లేదని తేలితే పని ఇంకా పూర్తి కానట్లే లెక్క.